మంచం పక్కన ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరినవాళ్ల గురించే. జబ్బు గురించి అడిగినవాళ్లు తక్కువ, వార్డులో జరిగే పనుల గురించి అడిగినవాళ్లు ఎక్కువ. కర్నూలులో ఇన్నేళ్లుగా డాక్టరుగా వార్డుల్లో తిరుగుతున్నవాణ్ణి కాబట్టి కొన్నిటికి నన్ను నేనే తిట్టుకుంటూ జవాబు రాయాల్సి వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఉత్తరం మిగతా అన్నిటికీ దారి చూపించింది, అందుకే దాన్ని ముందు పెట్టాను.

మా అబ్బాయి కర్నూలులో ఎంబీబీఎస్ చదివి అమెరికాలో డాక్టరుగా ఉన్నాడు. తను 'హాస్పిటలిస్ట్' అంటాడు. మా వీధిలో వాళ్లు గుండె డాక్టరా, ఎముకల డాక్టరా అని అడిగితే 'ఆసుపత్రి డాక్టరు' అని చెప్పాను. ఆసుపత్రి డాక్టరు కాక బస్టాండు డాక్టరు కూడా ఉంటాడా అని నవ్వారు. ఈమధ్య ఒక జర్నల్‌లో వాడి వ్యాసం వచ్చిందంట. ఆ పత్రిక ఏమిటి, అందులో ఏముంటుంది? — ఒక తల్లి, ప్రొద్దుటూరు

అమ్మా, మీరు చెప్పిందే కరెక్టు, నవ్వినవాళ్లదే తప్పు. అమెరికాలో ఒకప్పుడు ఎవరి ఫ్యామిలీ డాక్టరు వాళ్లని ఆసుపత్రిలో కూడా చూసేవాడు. పొద్దున ఒకసారి వచ్చి చూసి, రోజంతా తన క్లినిక్‌లో కూర్చునేవాడు, మధ్యాహ్నం పేషెంటుకి ఆయాసం వస్తే ఫోన్‌లోనే మందు చెప్పేవాడు. అలా కాకుండా ఆసుపత్రిలో చేరినవాళ్లని చూసుకోవడమే పూర్తి పనిగా పెట్టుకునే డాక్టర్లు రావాలని, వస్తున్నారని 1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో రాశారు. 'హాస్పిటలిస్ట్' అనే మాట అక్కడి నుంచే జనంలోకి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత 2016లో అదే ఇద్దరు మళ్లీ రాసేసరికి అమెరికాలో వీళ్ల సంఖ్య యాభై వేలు దాటింది. అంటే మీ అబ్బాయి గుండెకో ఎముకకో డాక్టరు కాదు, మంచం మీదున్న మొత్తం మనిషికి డాక్టరు.

మీరడిగిన పత్రిక 'జర్నల్ ఆఫ్ హాస్పిటల్ మెడిసిన్' అయి ఉంటుంది. ఈ డాక్టర్ల సంఘం 2006లో మొదలుపెట్టింది. కొత్త మందు కనిపెట్టాం, కొత్త ఆపరేషన్ చేశాం అనే హడావుడి దాంట్లో తక్కువే. పేషెంటు రాత్రి నిద్రపోతున్నాడా, మంచం దిగి పడిపోతున్నాడా, డ్యూటీ మారేటప్పుడు ఒక డాక్టరు ఇంకొకరికి ఏం చెప్పి వెళ్తున్నాడు, ఇంటికి పంపినవాడు వారానికే మళ్లీ ఎందుకు వస్తున్నాడు, ఇలాంటివే ఎక్కువ. మన దగ్గర వీటిని సిస్టర్ల పని, ఆయాల పని అని పక్కకి నెట్టేస్తాం. 2015 నుంచి అందులో ఒక శీర్షిక వస్తోంది, దాని పేరుకి తెలుగు చేస్తే 'ఏ కారణమూ లేకుండా మనం చేసే పనులు' అవుతుంది. డాక్టర్లే తమ అలవాట్లని ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టి, ఇది నిజంగా పేషెంటుకి పనికొస్తోందా అని పాత అధ్యయనాలన్నీ తిరగేసి అడుగుతారు. ఇవి చివరి తీర్పులు కావు, చర్చ మొదలుపెట్టడానికే అని వాళ్లే చెప్పుకుంటారు. ఈ మాట గుర్తుంచుకుని మిగతా జవాబులు చదవండి, రేపు రౌండ్స్‌లో మా మీదకి పత్రిక ఊపుకుంటూ రావద్దు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. మీరు మాత్రం ఈసారి కాలు నొప్పి వస్తే వీధిలో వాళ్లని కాకుండా వాణ్ణే అడగండి.

మా నాయనకి న్యుమోనియా అని ఎనిమిది రోజులు ఆసుపత్రిలో పెట్టినాం. నాలుగో రోజుకే జ్వరం తగ్గి అన్నం తింటున్నాడు. అయినా రోజూ పొద్దున ఐదింటికి లేపి రక్తం తీస్తానే ఉండిరి. ఎందుకన్నా అని అడిగితే 'రొటీన్' అన్నారు. రొటీన్ అంటే ఏంది? — ఆదోని పాఠకుడు

రొటీన్ అంటే, చేరిన రోజు కేస్ షీటులో ఎవరో 'రోజూ' అని రాశారు, దాన్ని కొట్టేయాల్సిన మనిషి కొట్టేయలేదు. చాలాసార్లు ఇంతే. బిల్లు కోసమే అని మీరు అనుకుంటూ ఉంటారు. కొన్నిచోట్ల అదీ ఉంది, లేదని బుకాయించను, కానీ బిల్లే లేని ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా ఇదే జరుగుతుంది కాబట్టి డబ్బు ఒక్కటే కారణం కాదు. పీజీకి, అంటే పై చదువు చదువుతూ వార్డులో పనిచేసే జూనియర్ డాక్టరుకి, భయం. పొద్దున రౌండ్స్‌లో ప్రొఫెసరు 'క్రియాటినిన్ ఎంత' అని కిడ్నీ పరీక్ష అంకె అడిగితే నీళ్లు నమలాల్సి వస్తుందని, ఎందుకైనా మంచిదని పంపేస్తాడు. నేనూ పంపినవాణ్ణే.

అమెరికాలో ఆ హాస్పిటలిస్టుల సంఘమే 2013లో పెద్దవాళ్ల వార్డుల్లో మానుకోవాల్సిన ఐదు పనులని ఒక జాబితా ఇచ్చింది. మనిషి కుదుటపడి, రిపోర్టులు కూడా నిలకడగా ఉన్నాక అవే రక్త పరీక్షలు మళ్లీ మళ్లీ చేయడం అందులో ఒకటి. మూత్రం పట్టలేకపోతున్నాడనో, మార్చడం కష్టంగా ఉందనో యూరిన్ పైపు వేయడం ఇంకొకటి. రిస్కు లేనివాళ్లకి కూడా కడుపులో పుండ్లు పడకుండా అని గ్యాస్ మందులివ్వడం మూడోది. మన దగ్గర ఇది మరీ ఎక్కువ, గ్యాస్ ఇంజెక్షన్ లేని కేస్ షీటు నేను చూసి చాలా కాలమైంది. మిగతా రెండూ హిమోగ్లోబిన్ అంకె ఒక్కటే చూసి రక్తం ఎక్కించడం, అవసరం లేకపోయినా గుండె మానిటరు తగిలించి ఉంచడం.

ఒక సీసాలో తీసేది మూడు నాలుగు మిల్లీలీటర్లే కదా అనిపిస్తుంది. రోజుకి మూడు నాలుగు సీసాల చొప్పున ఎనిమిది రోజులు లెక్కేయండి. కెనడాలో టొరొంటో డాక్టర్లు 2005లో రాసిన అధ్యయనంలో, పరీక్షల కోసం తీసిన ప్రతి వంద మిల్లీలీటర్ల రక్తానికీ హిమోగ్లోబిన్ సుమారు 0.7 గ్రాములు తగ్గి కనిపించింది. మన ఊళ్లలో పది గ్రాములతో ఆసుపత్రికి వచ్చేవాళ్లే ఎక్కువ, వాళ్లకి ఇది చిన్న సంగతి కాదు.

అలాగని అన్నీ వృథా అనుకోకండి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నా, కిడ్నీ దెబ్బతిన్నా, సోడియం తగ్గినా, లోపల ఎక్కడైనా రక్తం పోతున్నా రోజూ చూడాల్సిందే, ఒక్కోసారి రోజుకి రెండుసార్లు. మీరు అడగాల్సింది 'ఎందుకు తీస్తున్నారు' అని కాదు, అలా అడిగితే గొడవకి వచ్చారనుకుంటారు. 'నిన్నటి దాంట్లో ఏమొచ్చింది సార్, ఈరోజు ఏం మారుతుందని చూస్తున్నారు?' అని అడగండి. కారణం ఉన్న డాక్టరు వెంటనే చెప్తాడు. లేనివాడు ఒక్క క్షణం ఆగుతాడు, చాలాసార్లు ఆ క్షణంలోనే పరీక్ష కొట్టేస్తాడు.

ఐదింటికే ఎందుకంటారా, తొమ్మిదింటి రౌండ్స్‌కి రిపోర్టు చేతిలో ఉండాలని. నిద్రపోయేది పేషెంటు, టైము మాది.

షిఫ్టు మారితే చాలు కొత్త డాక్టరు వచ్చి కథంతా మొదటి నుంచీ చెప్పమంటాడు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకోరా? — కడప

మాట్లాడుకుంటారు, కాకపోతే 'పదకొండో బెడ్డు చూసుకో, కొంచెం డల్‌గా ఉంది' అన్న పద్ధతిలో. ఆ 'కొంచెం డల్' దగ్గరే ప్రమాదం. అమెరికా, కెనడాల్లో తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో, డ్యూటీ మారేటప్పుడు జబ్బు ఎంత తీవ్రంగా ఉంది, ఇప్పటివరకు ఏం జరిగింది, ఇంకా ఏం చేయాలి, రాత్రికి ఏం జరగొచ్చు, విన్నవాడు తిరిగి చెప్పడం, ఈ ఐదూ తప్పకుండా జరిగేలా ట్రైనింగ్ ఇచ్చారు. వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో రాశారు. ఒక్క కొత్త మిషన్ కూడా కొనలేదు! కొత్త డాక్టరు మళ్లీ అడిగితే విసుక్కోకుండా చెప్పండి, అది మీకే మంచిది. మందుల చీటీలన్నీ ఒకే కవర్లో పెట్టుకుని దిండు కింద ఉంచుకుంటే ఇంకా మంచిది.

మా అవ్వకి 78 ఏళ్లు. తొడ ఎముక విరిగి ఆపరేషన్ చేసినారు. రెండో రోజు రాత్రి నుంచి ఎప్పుడో పోయిన మా తాతని పిలుస్తుంది, సెలైన్ పీకేస్తుంది, నన్నే 'ఎవరు నువ్వు' అంటుంది. గాలి సోకిందని మా పెద్దమ్మ తాయెత్తు కట్టించింది. సిస్టరు చేతులు మంచానికి కట్టేసింది. ఇంటికొచ్చిన మూడు వారాలకి మామూలైంది. అవ్వకి పిచ్చి లేచిందా? మళ్లీ వస్తుందా? — గుంతకల్లు

పిచ్చి కాదు, గాలీ కాదు. దీన్ని డెలీరియం అంటారు. వయసు మీదపడిన మెదడు మీద ఒకేసారి చాలా బరువులు పడితే కొన్నాళ్లు దారి తప్పుతుంది. నొప్పి, మత్తుమందు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీళ్లు తగ్గడం, నిద్రమాత్రలు, కొత్త గది, రాత్రంతా వెలిగే ట్యూబులైటు, ఇంట్లో మర్చిపోయి వచ్చిన కళ్లద్దాలు. అవ్వ కళ్లద్దాలు ఆసుపత్రికి తీసుకెళ్లారా? పోతాయని బీరువాలో పెట్టి వెళ్తారు మనవాళ్లు, ఇది ప్రతిసారీ చూస్తాను.

అమెరికాలో షారన్ ఇనోయే అనే డాక్టరు 70 దాటిన 852 మందిని తీసుకుని చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. మామూలుగా చూసినవాళ్లలో 15 శాతానికి డెలీరియం వస్తే, ప్రత్యేకంగా చూసుకున్నవాళ్లలో 9.9 శాతానికే వచ్చింది. ఆ ప్రత్యేకం ఏమిటో వింటే ఇంతేనా అంటారు. రోజూ పలకరించి ఈరోజు ఫలానా వారం, నువ్వు ఫలానా చోట ఉన్నావు అని చెప్పడం, కళ్లద్దాలు పెట్టడం, వినపడే మిషన్ తగిలించడం, లేపి నాలుగు అడుగులు వేయించడం, నీళ్లు తాగించడం, రాత్రి నిద్రమాత్రకి బదులు వేడి పాలిచ్చి వీపు నిమరడం. అయితే ఒకటి: ఇవన్నీ రాకుండా ఆపడానికే బాగా పనిచేశాయి, వచ్చేశాక దాని తీవ్రత తగ్గించలేకపోయాయి. కాబట్టి మొదటి రోజు నుంచే చేయాలి.

అక్కడ ఇదంతా చేయడానికి వాలంటీర్లని పెట్టి శిక్షణ ఇచ్చారు. మనకి మంచం కింద చాప పరుచుకుని పడుకునే మనవడు ఉన్నాడు. 'అటెండర్లంతా బయటికి పొండి' అని మా సెక్యూరిటీ అతను కేకలేసినప్పుడల్లా నాకు ఈ అధ్యయనం గుర్తొస్తుంది. వార్డు సంతలా ఉండకూడదు, నిజమే, కానీ ముసలివాళ్ల దగ్గర తెలిసిన ముఖం ఒకటి ఉండాలి. తాయెత్తు మీద నాకేం కోపం లేదు, అది కట్టించిన పెద్దమ్మ తర్వాత అక్కడే కూర్చుని అవ్వ చేయి పట్టుకుని ఉంటే ఇంకా మంచిది. చేతులు కట్టేయడం మాత్రం తప్పు, కంగారు ఇంకా పెరుగుతుంది. యూరిన్ పైపు ఉంటే ఎప్పుడు తీస్తారని రోజూ అడగండి, అది ఉన్న ఒక్కో రోజుకీ మూత్రంలో క్రిములు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. ఇక మంచం సంగతి. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు పన్నెండు మందిని పది రోజులు మంచం మీదే ఉంచితే, కాళ్ల కండ సుమారు ఒక కిలో కరిగిపోయిందని 2007లో వచ్చిన అధ్యయనం. విరిగిన కాలు అతికినా, నడిపించే కండ లేకపోతే ఏం లాభం? డాక్టరు సరే అన్న రోజే లేపి నిలబెట్టాలి.

మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మళ్లీ వచ్చే అవకాశం మామూలువాళ్లకంటే ఎక్కువే. చేరేటప్పుడే 'పోయినసారి ఇలా అయింది' అని చెప్పండి, కేస్ షీటులో రాయించండి. ఇంటి దగ్గర మతిమరుపు కనిపిస్తే అది వేరే సంగతి, ఒకసారి చూపించండి.

మా మామ నెలకొకసారి బలానికి రెండు సెలైన్లు ఎక్కించుకుంటాడు. ఆసుపత్రిలో చేరితే సెలైన్ పెట్టలేదని డాక్టరుతో గొడవ. మంచిదేనా? — జమ్మలమడుగు

లెక్క చెప్తాను, మామకి చదివి వినిపించండి. అర లీటరు మామూలు సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లు. బలం సున్నా. అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్ బాటిల్లో 25 గ్రాముల చక్కెర, అంటే వంద కేలరీల లోపు. ఒక సంగటి ముద్దలో అంతకంటే ఎక్కువ ఉంటుంది, పైగా సూది గుచ్చాల్సిన పని లేదు. వాంతులు విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినప్పుడు, బీపీ పడిపోయినప్పుడు, నోటితో ఏమీ తీసుకోలేనప్పుడు అదే సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాడికి ఊరికే ఎక్కిస్తే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తాయి. చాలా ఊళ్లలో సెలైన్ పెట్టని డాక్టరుని డాక్టరే కాదంటారు, ఆ మాట పడలేక పెట్టేవాళ్లూ ఉన్నారు.

నేను జనరల్ మెడిసిన్ పీజీ రెండో సంవత్సరం. 'డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్' అంటూ ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. ఐదు రోజుల్లో పీర్ రివ్యూ, తొమ్మిది వేలు కడితే పబ్లికేషన్. సీనియర్లు కట్టి పడెయ్ అంటున్నారు. నాకెందుకో డౌటు. — పేరు వద్దన్నారు, కర్నూలు

రెండో సంవత్సరం పీజీని ఎమినెంట్ ప్రొఫెసర్ అన్నప్పుడే నీ డౌటు తీరిపోవాలి తమ్ముడూ.

పీర్ రివ్యూ అంటే, నువ్వు పంపిన వ్యాసాన్ని ముందు ఎడిటర్ చూస్తాడు, పనికిరాదనుకుంటే అక్కడికక్కడే తిప్పి పంపేస్తాడు. ఫర్వాలేదనిపిస్తే అదే విషయం తెలిసిన ఇద్దరికో ముగ్గురికో పంపుతాడు. వాళ్లకి సాధారణంగా ఒక్క రూపాయి కూడా రాదు, తమ డ్యూటీలయ్యాక కూర్చుని చదువుతారు. పేషెంట్లని ఎలా ఎంచుకున్నావు, లెక్క ఎక్కడ తప్పింది, నువ్వు చూసినదానికి మించి ఎందుకు చెప్తున్నావు అని పేజీల కొద్దీ రాస్తారు. నువ్వు సరిదిద్ది మళ్లీ పంపాలి, మళ్లీ అడుగుతారు. నెలలు పడుతుంది. నా మొదటి వ్యాసం రెండుచోట్ల తిరిగొచ్చి మూడోచోట అచ్చయింది, అచ్చయ్యేసరికి అందులో నేను మొదట రాసిన వాక్యాలు సగం కూడా లేవు, ఆ సగం పోవడమే మంచిదైంది. ఇదంతా ఐదు రోజుల్లో అయిపోతుందా?

డబ్బు అడిగినంత మాత్రాన ప్రతి జర్నలూ దొంగది కాదు. ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టే మంచి పత్రికలు కూడా రాసినవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటాయి, కొన్నిటి ఫీజు చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ వ్యాసం చదవకముందే ఒప్పుకుంటాం అనేవాళ్లది వేరే వ్యాపారం. అమెరికాలో జెఫ్రీ బీల్ అనే లైబ్రేరియన్ వీటికి 'ప్రిడేటరీ' అని పేరు పెట్టి జాబితా నడిపాడు, 2017 జనవరిలో ఆపేశాడు. తర్వాత ఈ వ్యాపారులు ఇంకా తెలివి మీరారు, పేరున్న పత్రికల పేర్లకే ఒక అక్షరం అటూ ఇటూ చేసి వెబ్‌సైట్లు పెడుతున్నారు.

ఏం చేయాలంటే, ఆ జర్నల్ మెడ్‌లైన్ అనే వైద్య పత్రికల జాబితాలో ఉందో లేదో అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగులో నువ్వే చూడు, వాళ్ల వెబ్‌సైటులో రాసుకున్నది నమ్మకు. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒకరిద్దరికి నేరుగా మెయిల్ పెట్టి అడుగు, తమ పేరు అక్కడుందని తెలియని ప్రొఫెసర్లు కూడా ఉంటారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రిక వ్యాసాలని మిగతావాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే లెక్క) అని పెద్ద అంకె వేసుకుంటే అది ఎవరిచ్చారో చూడు. మన దేశంలోనే 1913 నుంచి వస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ ఉంది, ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వచ్చే నేషనల్ మెడికల్ జర్నల్ ఆఫ్ ఇండియా ఉంది. తిప్పి పంపుతారు, పంపనీ. ఇంకో మాట, పెద్ద అంశం కోసం వెతకొద్దు. మన వార్డులో యూరిన్ పైపులు ఎన్ని రోజులుంటున్నాయి, వాటిలో ఎన్నిటికి కేస్ షీటులో కారణం రాసి ఉంది, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని మూడు నెలలు లెక్కపెట్టు. అదే మంచి వ్యాసం. మీ యూనిట్ చీఫ్‌కి నచ్చకపోవచ్చు, అది వేరే విషయం.

పీర్ రివ్యూ అయితే ఇక అది నిజమేనా? — ఎమ్మిగనూరు

కాదు. కరోనా మొదటి ఏడాది గుర్తుందా, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రల కోసం మెడికల్ షాపుల ముందు క్యూలు కట్టారు. ఆ మందు వాడినవాళ్లలో చావులు ఎక్కువగా ఉన్నాయని 2020 మే 22న లాన్సెట్‌లో వ్యాసం వచ్చింది. అంత పేరున్న పత్రిక, పీర్ రివ్యూ అయిన వ్యాసం. డేటా ఇచ్చిన కంపెనీ అసలు రికార్డులు చూపించలేకపోవడంతో జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. రెండు వారాలు కూడా నిలబడలేదు. రివ్యూ చేసేవాళ్లు వ్యాసం చదువుతారు గానీ ఆసుపత్రికి వెళ్లి కేస్ షీట్లు తిరగేయరు. తర్వాత ఆ మందు నిజంగానే కరోనాకి పనిచేయదని వేరే మంచి అధ్యయనాలు తేల్చాయి, అది వేరే కథ. ఒక్క వ్యాసం చూసి ఏ మందూ మొదలుపెట్టొద్దు, ఏ మందూ ఆపొద్దు.

వచ్చే వారం మా అమ్మకి గాల్ బ్లాడర్ ఆపరేషన్. ముందు రోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దన్నారు. షుగర్ ఉంది. తట్టుకుంటుందా అని టెన్షన్‌గా ఉంది. — అనంతపురం

మా అమ్మకి ఇలాగే జరిగింది. ఎండోస్కోపీ పొద్దున తొమ్మిదికి అని రాత్రి భోజనం తర్వాత ఏమీ ఇవ్వలేదు, ఎమర్జెన్సీ కేసులొచ్చి మధ్యాహ్నం మూడయింది. కొడుకు డాక్టరు, పక్కనే ఉన్నాడు, అయినా ఒక్క గుక్క నీళ్లు ఇప్పించలేకపోయాడు. ఆ ఆసుపత్రి పేరెందుకు గానీ, తప్పు నాది కూడా, అడగలేదు.

కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోకూడదని ఈ ఉపవాసం. కారణం మంచిదే, కొలత ఎక్కువైంది. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం నియమాల ప్రకారం మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్లు ముందే అనుకున్న ఆపరేషన్‌కి రెండు గంటల ముందు వరకు మంచినీళ్లలాంటి పలుచని ద్రవాలు తాగొచ్చు, ఆరు గంటల ముందు వరకు తేలికైన టిఫిన్ తినొచ్చు. పాలు కలిపిన టీ ఆ రెండు గంటల లెక్కలోకి రాదు. వేయించినవి, మాంసం అయితే ఇంకా ఎక్కువ గంటలు ఆగాలి. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, గర్భిణులకి, ఎమర్జెన్సీ కేసులకి లెక్క వేరు, అందుకే ఇది చదివి మీరే నీళ్లు పట్టించేయకండి. ముందు రోజు సాయంత్రం మత్తు డాక్టరు చూడటానికి వచ్చినప్పుడు రెండు అడగండి: అమ్మ పేరు లిస్టులో ఎన్నోది, ఎన్నింటి వరకు నీళ్లు తాగొచ్చు. షుగర్ ఉన్నవాళ్లని మొదటి కేసుగా పెట్టమని అడగడంలో తప్పు లేదు, చాలామంది పెడతారు కూడా. పొద్దున వేసుకునే షుగర్ మాత్ర, ఇన్సులిన్ సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి, మర్చిపోతే ఉపవాసంలో షుగర్ పడిపోతుంది.